ఎడమ పక్క కొంచెం వదులు

నంద్యాల,
ఏప్రిల్ 8.

రామసుబ్బక్కకు, మైమూనా సలాములతో రాసేది.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏందని అనుకోవద్దు. మీ ఇంట్లో ఫోన్ ఎత్తితే స్పీకర్‌లోనే ఎత్తుతారు. పోయిన వారం నేను "అక్కా, రొమ్ములో..." అని మొదలుపెట్టానో లేదో, వెనక నుంచి పుల్లయ్యన్న "ఎవరమ్మా? ఏంది సంగతి?" అన్నాడు. టీవీ గొంతు తగ్గింది. మీ కోడలు పూర్ణిమ మిక్సీ ఆపేసింది. ఇల్లంతా నా రొమ్ము కోసం చెవులు పెట్టుకొని కూర్చుంటే ఏం చెప్పేది? "రంజాన్‌కు రాలేదేమని అడుగుతున్నా అన్నా" అని మాట తిప్పేశాను. రెండూ రకారంతో మొదలవుతాయి కాబట్టి బతికిపోయాను.

ఇక అసలు సంగతి. మనిద్దరం కర్నూలు ఆసుపత్రిలో ఒకే బెంచీ మీద కూర్చొని, వంతులవారీగా లోపలికి పోయి, డాక్టర్లు రేడియేషన్ అనే ఆ కరెంటు పెట్టించుకొని ఆరేళ్లు కావస్తోంది. గడ్డ తీశారు, కరెంటు పెట్టారు, చర్మం కమిలింది, మానింది. అందరూ మరిచిపోయారు. నా ఎడమ రొమ్ము ఒక్కటే మరిచిపోలేదు.

ఒకనాడు లోపల ఎవరో దారం పట్టి గుంజినట్టు ఉంటుంది. ఒకనాడు సూది గుచ్చినట్టు. రవికలు కుట్టేదాన్ని కదా, పోలికలు కూడా అవే వస్తాయి. ఆటో స్పీడ్ బ్రేకర్ ఎక్కిందంటే చేత్తో అదిమి పట్టుకుంటాను. పక్కన కూర్చున్నవాళ్లు నేనేదో నగ దాచుకున్నానని చూస్తారు. పండగనాడు మరీ కష్టం. వచ్చిన ప్రతి ఆడమనిషీ మూడుసార్లు కౌగిలించుకుంటుంది. నేను పళ్లెంలో సేమ్యా గిన్నెలు పెట్టుకొని, పళ్లెం అడ్డం పెట్టి, పొద్దున నుంచి సాయంత్రం దాకా వడ్డిస్తూనే ఉన్నాను. మైమూనాకు ఎంత మర్యాదో అని అందరూ మెచ్చుకున్నారు.

మా ఆయన సంగతి నీకు తెలుసు. పరుపుల అంగడి తప్ప ఆయనకు లోకం లేదు. ఒంట్లో ఎక్కడ నొప్పి వచ్చినా గ్యాస్ అంటాడు. సోడా తెచ్చి ఇస్తాడు. ఆయన మాట విని ఇప్పటికి తాగిన సోడాలకు నేను బెలూన్ మాదిరి ఎగిరిపోవాలి.

నొప్పి ఓర్చుకోవచ్చు అక్కా. దాని వెంట వచ్చే ఆలోచన ఉందే, అది ఓర్చుకోలేను. మళ్లీ వచ్చిందేమో అనిపిస్తుంది. నీకు కూడా ఇట్లా ఉందా? నిజం చెప్పు.

నీ చెల్లెలు,
మైమూనా


ఆళ్లగడ్డ,
ఏప్రిల్ 17.

మైమూనాకు, రామసుబ్బమ్మ దీవించి రాసేది.

నాకా? నొప్పా? మా ఎదురుగా శిల్పుల షెడ్డులో అమ్మవారి విగ్రహం ఒకటి చెక్కుతున్నారు. ఆ తల్లికి ఎంత నొప్పి ఉందో నాకూ అంతే. దుక్కలాగా ఉన్నాను.

నీదే తప్పు. నొప్పి ఉంటే సోడాలు తాగుతూ, సేమ్యా పళ్లెం అడ్డం పెట్టుకొని తిరుగుతావా? చదువుకున్నదానివి. ఆ పొద్దు మన డాక్టరమ్మ ఏం చెప్పింది? కొత్తగా ఏమున్నా వచ్చి చూపించుకోండి అని చెప్పలేదా? వెంటనే కర్నూలు పో. పోయి వచ్చి నాకు రాయి. పోకపోతే నేనే నంద్యాలకు వచ్చి నిన్ను జుట్టు పట్టుకొని తీసుకుపోతా.

నా కష్టం వేరే ఉంది. మా ఆయనకు మతి మెత్తబడుతోంది. వంటింట్లో అలమర నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ పైన ఉంది. ఉన్నట్టుండి వడ్రంగి సంజీవయ్యను పిలిచి నడుం ఎత్తుకు దించేశాడు. ఇప్పుడు పప్పు డబ్బాలకు పిల్లులు కాపలా. కారు తోలితే ఎద్దులబండి మమ్మల్ని దాటిపోతోంది. మొన్న అహోబిలం పోయేసరికి గుడి తలుపులు మూశారు. అన్నిటికన్నా ఘోరం, పొదుగు నిండా పాలున్న బర్రెను, నాతో ఒక్క మాట అనకుండా అమ్మేశాడు. అడిగితే "పాలు తగ్గినాయి" అంటాడు. ఆ బర్రె వింటే ఏడుస్తుంది.

మా అబ్బాయి సందీప్ విత్తనాల కోసం నంద్యాల వస్తున్నాడు. వాడి చేత రవిక గుడ్డలు పంపుతున్నా. పాత కొలతలే. ఎడమ పక్క మాత్రం కొంచెం వదులుగా పెట్టు. ఆ పక్క చంక కింద కుట్టు ఒత్తుకోకూడదు, లోపల మెత్తటి నూలుగుడ్డ వెయ్యి. ఇప్పుడు అదే ఫ్యాషన్ అంట. టీవీలో చూశాను.

ఇట్లు,
రామసుబ్బమ్మ


నంద్యాల,
మే 5.

అక్కా,

నీ మాట జవదాటలేదు. కర్నూలు పోయి వచ్చాను. మన డాక్టరమ్మ నన్ను చూసి ఎంత సంతోషపడిందో. నిన్ను కూడా అడిగింది. అంతా చూసి, వీపు తట్టి, "ఏం లేదు మైమూనా, బాగుండావు, ఇంటికి పో" అంది. కాబట్టి నా సంగతి అయిపోయింది.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం.

నాకు పెళ్లయినప్పటి నుంచీ రవికలు కుడుతున్నాను. వెనక కిటికీలు వచ్చాయి, పోయాయి. చేతులు బుట్టలయ్యాయి, గంటలయ్యాయి, అసలు లేకుండా పోయాయి. ఒక్క ఎడమ పక్కే వదులుగా ఉండే ఫ్యాషన్ నేను చూడలేదు. ఏ టీవీలో చూశావు? ఏ హీరోయిన్ వేసుకుంది?

గుడ్డలతో పాటు కొలతకని పంపిన నీ పాత రవిక చూశాను. ఎడమ చంక కింద కుట్టు నువ్వే విప్పేసి, చీర ముక్క అతికించుకున్నావు. ఆ అతుకు చూస్తే నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఏడుపు ఎందుకో నీకు తెలుసు. నవ్వు ఎందుకంటే, అంత వంకర కుట్టు నేను నేర్చుకునే రోజుల్లో కూడా వెయ్యలేదు.

రాతి అమ్మవారికి రవిక వదులు చెయ్యాల్సిన పని లేదక్కా. నీకు ఎన్నాళ్ల నుంచి నొప్పి?

మైమూనా


ఆళ్లగడ్డ,
మే 14.

మైమూనాకు,

నీ ఉత్తరం చదివి నీకు ఇక రాయకూడదు అనుకున్నా. తర్వాత ఇంకోసారి చదివాను. అప్పుడు నవ్వాను. నువ్వు నన్ను పట్టుకున్నావు సరే, నేనూ నిన్ను పట్టుకున్నా.

మన డాక్టరమ్మ నీ వీపు తట్టిందా? ఎంత పొడుగు చెయ్యమ్మా ఆమెది? ఆమె హైదరాబాదుకు పోయి ఏడాది దాటింది. నువ్వు కర్నూలు పోలేదు. కనీసం పాణ్యం కూడా దాటి ఉండవు.

నాకెట్లా తెలుసని అడుగు. పోయిన ఎండాకాలం మా చిన్నత్త మనవరాలి పెళ్లికి చీరలు కొనాలని చెప్పి నేనొక్కదాన్నే కర్నూలు పోయాను. ఆసుపత్రి లోపలికి, ఆ గది దాకా పోయాను. తలుపు మీద బోర్డు చూస్తే వేరే పేరు ఉంది. పక్కన ఆయమ్మ హన్నమ్మను అడిగితే "మీ డాక్టరమ్మ పోయిందమ్మా, కొత్తామె వచ్చింది, కూర్చో" అంది. నాకు ఆ మాటే చాలింది. కొత్తామెకు మన సంగతి ఏం తెలుస్తుందిలే అని తిరుగుముఖం పట్టాను. బస్టాండులో దోసె తిన్నాను. చీర కొనుక్కున్నాను. ఆ చీర కడితే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, రంగు మాత్రం బాగుంది.

ఇక నిజం. నాకు రెండేళ్ల నుంచి నొప్పి ఉంది. చలికి ఒక రకం, మబ్బు పడితే ఒక రకం. కొన్ని రోజులు అసలు ఉండదు. అప్పుడు ఇంకా భయం, ఎందుకు లేదో అని. పోతే ఏదో ఒకటి చెప్తారు కదా మైమూనా. పోకపోతే ఎవరూ ఏమీ చెప్పరు. ఇంత మొరటు తెలివితో రెండేళ్లు గడిపాను.

ఇంట్లో చెప్పలేను. ఆ పొద్దు మా ఆయన ఆసుపత్రిలో పడిపోయింది నీకు గుర్తుంది కదా. నాకు మొదటి రోజు కరెంటు పెడుతుంటే, ఆరడుగుల మనిషి, బయట మొదలు నరికిన చెట్టు మాదిరి పడ్డాడు. నేను లోపలి నుంచి వచ్చేసరికి ఆయనకు సెలైన్ ఎక్కుతోంది. రోగం నాదా ఆయనదా అని నర్సు అడిగింది. ఇప్పుడు నొప్పి అన్నానంటే నాకన్నా ముందు ఆయన పోతాడు. అందుకే నవ్వుతూ తిరుగుతున్నా.

నువ్వూ పోలేదు, నేనూ పోలేదు. ఇద్దరం ఒకరికొకరం బుద్ధులు చెప్పుకున్నాం. బాగుంది మన సంబడం.

రామసుబ్బమ్మ


ఆళ్లగడ్డ,
మే 20.

చెల్లెలు మైమూనాకు పుల్లయ్య రాసేది.

నేను ఉత్తరాలు రాసే మనిషిని కాదు. తప్పులుంటే మన్నించు. ఫోన్ చేద్దామంటే మా ఇంట్లో ఒక్క మాట దాగదు, ఆ సంగతి నీకు తెలుసు. మీ అక్క ఉత్తరాలు నేను చదవలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు ఆమె పెరట్లోకి పోయి చదువుకొని, మొహం కడుక్కొని వస్తాది. అంతవరకే చూసినా.

ఆమెకు నొప్పి ఉందని నాకు తెలుసు. రెండేండ్లుగా కుడిపక్కకే తిరిగి పడుకుంటాంది. పైన అలమర నుంచి డబ్బా దించేటప్పుడు పళ్లు బిగబడతాంది. అందుకే అలమర కిందికి పెట్టించినా. ఎందుకని సంజీవయ్య అడిగితే, నాకు అందడం లేదని చెప్పినా. వాడు నన్ను కింది నుంచి పైదాకా చూసినాడు. కారు గుంతలో పడితే ఆమె చెయ్యి రొమ్ము మీదికి పోతాది. అందుకే మెల్లగా తోల్తా. బర్రె ఒకనాడు తల విదిలిస్తే ఆ పక్కనే తగిలింది. ఆమె గోడకు ఆనుకొని నిలబడింది, అరవలేదు. ఆ సాయంత్రమే బర్రెను అమ్మేసినా. ఊర్లో అందరూ నాకు పిచ్చి పట్టిందంటాండారు. ఆమె కూడా అంటాంది. అననీ.

కానీ ఇంక దించడానికి అలమరలు లేవమ్మా. అమ్మడానికి బర్రెలు లేవు. ఏం చేయాలో తెలీక నీకు రాస్తాండా. నేనడిగితే "నాకేం, దుక్కలాగుండా" అంటాది. నువ్వు చెప్తే వింటాది. డాక్టరు దగ్గరికి తీసుకుపోదామని చెప్పు. నాకు తెలుసని మాత్రం చెప్పొద్దు. కర్నూల్లో నేను పడిపోయినానని దాస్తాంది. ఆ పొద్దు నేను ఏమీ తినలేదు, అందుకే పడినా. ఈసారి తినే వస్తా.

నీ అన్న,
పుల్లయ్య


నంద్యాల,
జూన్ 12.

అక్కా,

ఈసారి నిజంగా పోయాను. నమ్మకపోతే మా ఆయనను అడుగు. వెంట వచ్చాడు, సోడా సీసా కూడా తెచ్చాడు.

రొమ్ము ఫోటో తీసే యంత్రం నీకు గుర్తుందా, రెండు పలకలు? కొత్తది వచ్చింది, నొక్కడం మాత్రం పాతదే. నన్ను రొట్టె చేసి పెనం మీద వేస్తారేమో అనుకున్నా. అక్కడి అమ్మాయి "ఊపిరి బిగబట్టండి" అంది. "ఆరేండ్ల నుంచి అదే చేస్తాండానమ్మా" అన్నాను. పాపం, ఆ అమ్మాయి నవ్వాపుకోలేక మళ్లీ మొదటి నుంచి తీసింది. నోరు జారినందుకు నాకే శిక్ష.

కొత్త డాక్టరమ్మ మా అమ్మాయి సబా ఈడు పిల్ల. అన్నీ చూసింది, వేళ్లతో పక్కటెముకల దాకా ఒత్తి చూసింది. జబ్బు తిరిగి రాలేదని చెప్పింది. అయితే నొప్పి నా భ్రమ కాదట. కరెంటు పెట్టిన చోట కండ బిగుసుకుంటుందట, నరాలు దెబ్బ తింటాయట. కొందరికి ఏళ్ల తర్వాత కూడా ఉంటుందట. "మీ మాదిరి చానామంది ఉండారు, ఎవరూ చెప్పరు" అంది. అక్కా, ఆ ఒక్క మాటకే నా నొప్పి సగం తగ్గింది. మిగతా సగానికి పడుకునే ముందు వేసుకోమని నరాల మాత్ర ఇచ్చింది. మెత్తగా, ఒత్తుకోకుండా ఉండే లోపలి బాడీ వేసుకోమంది. మచ్చ ఉన్నచోట నూనె రాసి మెల్లగా రుద్దమంది. చెయ్యి బిగుసుకోకుండా కసరత్తు చూపించడానికి ఒక అమ్మాయి దగ్గరికి పంపింది.

ఆ కసరత్తు ఏమిటంటే, గోడకు ఎదురుగా నిలబడి రెండు వేళ్లతో సాలెపురుగు మాదిరి పైకి పాకించాలి. ఎంతవరకు పోతే అంతవరకు. ఇంటికి వచ్చి మొదలుపెట్టాను. మా ఆయన అంగడి నుంచి వచ్చి, నా చెయ్యి గోడ మీద పాకడం చూసి, చీపురు తెచ్చాడు. "బల్లి యాడికి పోయింది?" అన్నాడు. అప్పుడు నా సంగతంతా విన్నాడు. మరునాడు అంగడిలో మంచి దూదితో అరచేయంత దిండు కుట్టి తెచ్చాడు. చంక కింద పెట్టుకొని ఆటో ఎక్కుతున్నాను. సోడా కన్నా ఇదే మేలు.

ఇంకొక మాట. ఇది చెప్పొద్దని నాతో ఒకరు అన్నారు. నాకు రవిక కుట్టడం వచ్చుగానీ నోరు కుట్టుకోవడం రాదు. పుల్లయ్యన్నకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. అలమర ఆయనకు అందక దించలేదు. బర్రెకు పాలు తగ్గలేదు. కారు మెల్లగా పోయేది మతి మెత్తబడి కాదు. ఆయన పిచ్చోడని ఊరంతా అంటుంటే పడి ఉన్నాడు, నీకు నొప్పి అని నువ్వు ఒప్పుకోలేదు కాబట్టి.

ఇక దాచి ఏం లాభం? పోయి రా అక్కా.

మైమూనా


ఆళ్లగడ్డ,
జూన్ 26.

మైమూనాకు,

నీ ఉత్తరం చదివాక వంటింట్లోకి పోయి అలమర ముందు నిలబడ్డాను. చెయ్యి చాపితే అన్నీ అందుతున్నాయి. ఇన్నాళ్లూ అందుతున్నాయనే సంగతే నాకు తట్టలేదు, పిల్లుల మీదే నా ధ్యాస.

ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నాడు. పోయి, బర్రెను ఎందుకు అమ్మావని అడిగాను. పాలు తగ్గాయన్నాడు. అబద్ధమన్నాను. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేనే ఆ పేపరు తీసి, "నాకు నొప్పిగా ఉంది" అన్నాను.

"యాడ?" అన్నాడు, ఏమీ తెలియనట్టు.

"నీకు తెలీదా యాడో?"

"నువ్వు చెప్తే కదా నాకు తెలిసేది" అన్నాడు. అని, ఆ పేపరుతోనే కళ్లు తుడుచుకున్నాడు. అచ్చు మసి మొహానికి అంటింది. పూర్ణిమ వచ్చి చూసి, మామకు ఏమయిందని భయపడితే, ఇద్దరినీ కూర్చోబెట్టి అంతా చెప్పేశాను. రెండేళ్లు దాచింది చెప్పడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

కర్నూలు పోయాం. ఆయన దోవలో ఇడ్లీ, దాని మీద దోసె, దాని మీద ఉప్మా తిన్నాడు. పడిపోకూడదంట. ఆసుపత్రి తలుపు దగ్గర రెండు అరటిపండ్లు కూడా తిన్నాడు.

నీకు చెప్పినట్టు నాకు చెప్పలేదు మైమూనా. ఫోటోలో మచ్చ ఏదో కనపడిందట. అది ఏమిటో ఫోటోతో తేలదట. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. అప్పుడే తీశారు. పెద్ద నొప్పి లేదు, మత్తు ఇచ్చారు. బయటికి వచ్చాక ఆయనను చూసి, "నేను బాగుండా, నువ్వు పడిపోలేదు కదా" అంటూ అంటూ నేను పడిపోయాను. ఆయన గట్టిగా పట్టుకున్నాడట. ఉప్మా పనికి వచ్చింది.

ఫలితం ఇంకా రాలేదు. ఆయన రోజూ నా పక్కన నిలబడి ఆ సాలెపురుగు కసరత్తు తనూ చేస్తున్నాడు. తన వేళ్లు పైకప్పు దాకా పోతాయి. నావి అలమర ముందున్న చోటి దాకా పోతాయి. ఇద్దరం పాకిస్తూ ఉంటాం.

ఎదురుగా షెడ్డులో అమ్మవారికి కళ్లు తెరిపించారు. నేను పోయి చూడలేదు. ఫలితం వచ్చాక పోతా.

రామసుబ్బమ్మ


నంద్యాల,
జూన్ 30.

అక్కా,

నవ్వు పుట్టించేది ఏదైనా రాద్దామని కూర్చున్నాను. ఒకటి ఉంది. నిన్న నీ గురించి ఆలోచిస్తూ కాలేజీ లెక్చరరమ్మ రవికకు రెండూ ఎడమ చేతులే కుట్టేశాను. ఆమె వేసుకొని చూసుకుంటే కుడి చెయ్యి వెనక్కి తిరిగిపోయింది. పాఠం చెప్తూ బోర్డు మీద రాయడానికి బాగుంటుందిలే అని వెళ్లిపోయింది, మళ్లీ తెచ్చి తిట్టింది.

నిన్ను పొమ్మని తరిమింది నేను. పోకుండా ఉంటే తెలిసేది కాదు కదా అని ఒక మనసు. తెలియకపోతే మాత్రం ఉన్నది లేకుండా పోతుందా అని ఒక మనసు. మా ఆయన నమాజులో నీ పేరు కూడా చెప్తున్నానన్నాడు. నీ కోసం కూడా ఒక దిండు కుట్టాడు, దీనితో పంపుతున్నా.

ఏదైనా సరే నేను వస్తా. ఈసారి కూడా అదే బెంచీ మీద కూర్చుందాం.

మైమూనా


ఆళ్లగడ్డ,
జూలై 9.

మైమూనాకు,

ఫలితం నీకు ఫోన్లో అరిచి చెప్పేశాను. స్పీకర్ లేకుండా నంద్యాలకు వినపడి ఉంటుంది. మిగతాది అరిచి చెప్పేది కాదు కాబట్టి రాస్తున్నా.

జబ్బు కాదు. కరెంటు పెట్టినచోట కొవ్వు గట్టిపడి ముద్ద కట్టిందట. దాని పాటికి అది ఉంటుందట. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోమన్నారు. ఆ డాక్టరమ్మ ఈ మాట చెప్పి మా ఆయన వైపు చూసి, "మీకేమైనా అడగాలని ఉందా?" అంది. ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకొని, "బర్రెను మళ్లీ కొనొచ్చునా అమ్మా?" అన్నాడు. ఆ పిల్ల ఏ చదువులోనూ చదవని ప్రశ్న అది. కొంచెం ఆలోచించి, "కొనుక్కోండి. పాలు ఆమె చేత పిండించొద్దు" అంది. ఇప్పుడు పాలు ఆయనే పిండుతున్నాడు. బర్రె వేరేది, దీనికి నా మీద ఏ కోపమూ లేదు.

అమ్మవారిని చూసి వచ్చాను. చాలా బాగా చెక్కారు.

నొప్పి పోయిందా అని అడుగుతావు. పోలేదు. తగ్గింది. మాత్ర వేసుకుంటే నిద్ర పడుతోంది. నూనె రాస్తే ఆ కాసేపు హాయిగా ఉంటోంది. మీ ఆయన మాబు సాహెబ్ కుట్టిన దిండు కారు బెల్టు కింద సరిగ్గా సరిపోయింది. మబ్బు పట్టిన రోజు మాత్రం ఏదీ పనిచేయదు. అప్పుడు "ఈ పొద్దు నొప్పిగా ఉంది" అని పైకే చెప్పి పడుకుంటా. పూర్ణిమ వంట చేస్తుంది. పైకి చెప్పినందుకు ఎవరూ చచ్చిపోలేదు.

రామసుబ్బమ్మ


నంద్యాల,
ఆగస్టు 3.

అక్కా,

ఒక సంగతి. మొన్న రవిక కొలతలు ఇవ్వడానికి బాలమ్మ అని ఒకామె వచ్చింది. కొలత తీస్తుంటే ఎడమ పక్క చెయ్యి తగలగానే ముడుచుకుంది. నేనేమీ అడగలేదు. "ఈ పక్క కొంచెం వదులు పెట్టనా?" అన్నాను. నా మొహం చూసి, "నీకెట్ల తెలుసు?" అంది. ఇప్పటికి అట్లాంటి రవికలు ముగ్గురికి కుట్టాను. నువ్వు చెప్పిన ఫ్యాషన్ నంద్యాలలో నిజంగానే వచ్చేసింది.

వాళ్లందరూ ఒకటే అడుగుతారు. ఈ నొప్పి పోతుందా అని. నాకు జవాబు చెప్పడం రాదు. పోతుందంటే అబద్ధం. పోదంటే భయపడతారు. నిన్ను అడిగితే ఏం చెప్తావు?

మైమూనా


ఆళ్లగడ్డ,
ఆగస్టు 29.

మైమూనాకు, రామసుబ్బమ్మ దీవించి రాసేది.

నీ ప్రశ్నకు జవాబు వెంటనే రాయలేదు. నాకూ తెలియదు కాబట్టి. నిన్న ఒకటి జరిగింది, అది రాస్తున్నా.

మా పక్క వీధిలో విజయమ్మ అని ఉంది. బజ్జీల బండి. నోరు పెద్దది, ఊరంతా భయపడతారు. ఆమెకు మన జబ్బే వచ్చింది. గడ్డ తీశారు. కరెంటు పెట్టాలన్నారు. మొగుడు లేడు, కూతురు నిండు నెలలతో ఉంది. నన్ను తోడు రమ్మంది. మా ఆయన కారు తీస్తానన్నాడు గానీ, ఆయన తోలితే వచ్చే వారానికి చేరతామని బస్సులో పోయాం. ఎక్కినప్పటి నుంచి విజయమ్మ కండక్టరును, డ్రైవరును, ముందు సీటు ముసలాయనను తిడుతూనే ఉంది. నంద్యాల దాటాక తిట్లు తగ్గాయి. పాణ్యం దాటాక ఆగిపోయాయి.

మనం కూర్చునే బెంచీ తీసేశారు మైమూనా. ఇనుప కుర్చీలు వేశారు. వాటిలో కూర్చున్నాం. ఆమె నా చెయ్యి పట్టుకుంది. నీకు ఏమయినా నొప్పి ఉంటుందా ఇప్పుడు, అని అడిగింది. నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. ఏమీ ఉండదు, దుక్కలాగా ఉంటావు అని చెప్దామని నోటి దాకా వచ్చింది. అదే అబద్ధం చెప్పి నేను ఎన్ని అవస్థలు పడ్డానో కూడా గుర్తొచ్చింది.

"ఉంటాది విజయమ్మా. నాకు కరెంటు పెట్టి ఆరేండ్లయింది. ఇప్పటికీ నొప్పి ఉంది" అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలేసింది. ఇక లేచి బస్టాండుకు పోతుందని అనుకున్నా. నన్ను పై నుంచి కింది దాకా చూసింది. నా కొత్త రవిక, నా జడ, నా చెప్పులు, అన్నీ చూసింది.

"ఆరేండ్లా?" అంది.

"అవును."

"ఆరేండ్లు ఉంటారా మనోళ్లు?"

నేను నొప్పి గురించి చెప్పాను, ఆమెకు అది వినపడనే లేదు. "ఉంటారు. ఇంకా చానా ఉంటారు. నంద్యాలలో నా చెల్లెలు ఒకతి ఉంది, అది నన్ను కూడా దాటిపోయేట్టుంది" అన్నాను.

లోపల నుంచి ఆమె పేరు పిలిచారు. చేతిసంచి నా ఒళ్లో పెట్టింది. కొంగు సర్దుకుంది. "ఈడనే ఉండు, యాడికీ పోవాకు" అని నన్ను గద్దించి, బేరానికి బండి దగ్గరికి ఎట్లా నడుస్తుందో అట్లా నడిచి లోపలికి పోయింది.

నీ అక్క,
రామసుబ్బమ్మ